తూము తీస్తే చెరువు పెరగదు

స్పీకరు వెనక రెండు జతల టెర్మినళ్లు ఉంటే దాన్ని బై-యాంప్ చేసి తీరాలని, చేయకపోతే పెట్టిన డబ్బులో సగం దండగేనని ఈమధ్య ఒక మాట బాగా పాకింది. అమ్మేవాళ్లు అంటున్నారు, వీడియోలు చేసేవాళ్లు అంటున్నారు, ఇంటికొచ్చి వైర్లు బిగించే కుర్రాళ్లూ అదే అంటున్నారు. ఒకప్పుడు నగరాల్లో ఖరీదైన షోరూములకే పరిమితమైన ఈ మాట, అనంతసాగరం, ఉదయగిరి లాంటి చోట పిల్లలు పంపిన డబ్బుతో హాల్లో హోమ్ థియేటర్ పెట్టించుకునే పెద్దవాళ్ల దాకా వచ్చింది. హోమ్ థియేటర్ రిసీవరుతో చేసే బై-యాంపింగ్ వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా అది ఉన్న సౌకర్యాన్ని పోగొడుతుంది, ఒక్కోసారి రిసీవరునే కాల్చేస్తుంది.

ఇందులో చేసే పని ఇదీ. ఏడు ఛానళ్ల రిసీవరులో వెనక స్పీకర్ల కోసం ఉంచిన రెండు ఛానళ్లను మెనూలో మార్చి ముందు స్పీకర్లకు మళ్లిస్తారు. స్పీకరు వెనక పై జతనూ కింది జతనూ కలిపే లోహపు రేకులు తీసేసి ట్వీటరుకు ఒక వైరు, వూఫరుకు ఒక వైరు లాగుతారు. ఇక కూడిక మొదలు: ఛానల్‌కు వంద వాట్లు, రెండు ఛానళ్లు కలిశాయి కాబట్టి స్పీకరుకు రెండు వందల వాట్లు. ఈ కూడికే మొత్తం ప్రచారానికి మూలం, ఇదే పూర్తిగా తప్పు. రిసీవరులో ఛానళ్లు ఎన్ని ఉన్నా అన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై ఒక్కటే. పెట్టె మీద వేసే వంద వాట్లు సాధారణంగా రెండు ఛానళ్లనే నడిపి కొలిచిన సంఖ్య. అన్నీ ఒకేసారి లాగితే ఒక్కోదానికి దక్కేది అంతకన్నా చాలా తక్కువ. కొత్తగా ఇంకో తూము తీసినంత మాత్రాన అనంతసాగరం చెరువులో నీళ్లు పెరగవని ఆ ఆయకట్టు రైతుకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అదే రైతు ఇంట్లో రిసీవరు దగ్గరకొచ్చేసరికి రెండు తూములకు రెండు చెరువుల నీళ్లు వస్తాయని నమ్మబలుకుతున్నారు.

అంతకన్నా మౌలికమైన లోపం ఇంకొకటుంది, దాన్ని ఎవరూ ఎత్తరు. బాస్‌నూ ట్రెబుల్‌నూ విడదీసే క్రాసోవరు స్పీకరు పెట్టెలోనే, అంటే యాంప్లిఫయరు తర్వాతే ఉంది. అందువల్ల ట్వీటరు వైపు యాంప్లిఫయరుకు కూడా సినిమాలోని శబ్దం మొత్తం వెళ్తుంది, బాంబు పేలుళ్లతో సహా. అది ఆ వోల్టేజీ మొత్తాన్ని పలికించాల్సిందే. ట్వీటరు లాగే కరెంటు కొంచెమే కావచ్చు గానీ వోల్టేజీ హద్దు మాత్రం మారదు. ఒక యాంప్లిఫయరు ఏ వాల్యూమ్ దగ్గర క్లిప్ అయ్యేదో, అంటే హద్దు దాటి శబ్దం చెడేదో, రెండు పెట్టినా దాదాపు అక్కడే క్లిప్ అవుతాయి. పోనీ, వాట్లు నిజంగానే రెట్టింపయ్యాయని ఒప్పుకుందాం. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెండింతల శబ్దంగా వినపడాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అందుకు పది రెట్లు వాట్లు కావాలి. ఒక్క వాటుకు మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇచ్చే మామూలు స్పీకరు, మూడు మీటర్ల దూరంలో కూర్చున్న మనిషికి ఆ ఒక్క వాటుతోనే దాదాపు 80 డెసిబెల్స్ వినిపిస్తుంది. అది గట్టిగా మాట్లాడే మాటకన్నా ఎక్కువ. ఇంట్లో సినిమా చూసేటప్పుడు సంభాషణలు నడిచేది తరచూ ఒక వాటులోపే. అలాంటి ఇంటికి రెండు వందల వాట్ల ఆశ చూపడం న్యాయం కాదు.

బై-యాంపింగ్ అనే పద్ధతే బూటకమని కాదు. సినిమా హాళ్లలో తెర వెనక స్పీకర్లకు అది నిజంగానే వాడతారు. తిరునాళ్లకు, వినాయకుడి ఊరేగింపులకు డీజే సెట్టు కట్టేవాళ్లూ వాడతారు. కానీ వాళ్లు క్రాసోవరును యాంప్లిఫయర్లకు ముందు పెడతారు. బాస్ పెట్టెల యాంప్లిఫయరుకు బాస్ మాత్రమే, పై పెట్టెల యాంప్లిఫయరుకు మిగతాది మాత్రమే అందుతుంది. అప్పుడే ఒక్కో యాంప్లిఫయరు భారం నిజంగా తగ్గుతుంది. డీజే సెట్టు నడిపే కుర్రాడికి తెలిసిన ఈ తేడాను లక్షల సరుకు అమ్మేవాళ్లు దాచిపెడుతున్నారంటే అది తెలియకపోవడం కాదు. స్పీకర్లకు రెండు జతల టెర్మినళ్లు పెట్టడమూ చాలావరకు ఇలాంటి వ్యాపారమే. డెన్మార్క్ కంపెనీ డైనాడియో ఖరీదైన స్పీకర్లకు కూడా ఒక్క జతే పెడుతూ వచ్చింది, వాటి పేరు ప్రతిష్ఠలకేమీ లోటు రాలేదు. ఇంకో జత టెర్మినళ్లుంటే ఇంకో జత వైరు అమ్ముకోవచ్చు. మంచి రాగి వైరు మీటరు ధర తెలిసినవాళ్లకు ఈ మోజు ఎవరికి లాభమో అర్థమవుతుంది.

ఖాళీగా పడి ఉన్న ఛానళ్లే కదా, వాడుకుంటే నష్టమేమిటని అడుగుతారు. నష్టముంది. అవే రెండు ఛానళ్లతో పైకప్పులో రెండు అట్మాస్ స్పీకర్లు పెట్టుకోవచ్చు. వర్షమూ హెలికాప్టరూ నెత్తి మీద వినిపించే అనుభవాన్ని వదులుకుని, వినపడని తేడా కోసం వాటిని తగలేస్తున్నాం. ఇక ఆ లోహపు రేకులు తీయడం మరిచిపోయి రెండు వైర్లూ బిగిస్తే, రెండు యాంప్లిఫయర్ల అవుట్‌పుట్‌లు ఒకదానితో ఒకటి నేరుగా కలుస్తాయి. రిసీవరు కాలిపోవడానికి అది చాలు. బిగించిన మనిషి మర్నాడు ఫోనెత్తకపోతే, నష్టం ఇంటివాళ్లదే. మా చెవికి తేడా తెలిసిందని ఇంకొందరంటారు. వైర్లు మార్చడానికి పట్టిన ఆ పది నిమిషాల్లో ముందు విన్న శబ్దం జ్ఞాపకం చెదిరిపోతుంది, ఖర్చు పెట్టాక బాగుందనిపించడం మనిషి స్వభావం. పక్కన మనిషిని కూర్చోబెట్టి, ఏది ఏదో చెప్పకుండా, రెండింటి శబ్దాన్నీ సమానంగా కొలిచి పెట్టి వినమంటే ఎంతమంది నిలబడతారు? నాలుగు ఓముల బరువైన స్పీకర్లుంటే ఏంచేయాలంటారా, దానికి ప్రీ-అవుట్ నుంచి విడిగా ఒక పవర్ యాంప్లిఫయరు పెట్టుకోవాలి. అదే రిసీవరులో ఇంకో రెండు ఛానళ్లు దానికి మందు కాదు.

నిజమైన బై-యాంపింగ్ ఇప్పటికే చాలా ఇళ్లలో ఉంది, గుర్తించడం లేదంతే. సబ్‌వూఫరుకు సొంత యాంప్లిఫయరు ఉంటుంది. మెనూలో ముందు స్పీకర్లను స్మాల్‌గా పెట్టి క్రాసోవరు 80 హెర్ట్జ్‌కు మారిస్తే, ఆ కిందనున్న బరువైన బాస్ అంతా రిసీవరు యాంప్లిఫయర్లకు చేరకముందే సబ్‌వూఫరుకు వెళ్లిపోతుంది. డీజే సెట్టు సూత్రం అదే, పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత చూడాల్సింది గది. స్లాబు పైకప్పు, పలకలు పరిచిన నేల, నాలుగు వట్టి గోడలున్న హాల్లో మాట కంగుమంటుంది. దానికి మందపాటి కర్టెన్లు, ఒక తివాచీ, పుస్తకాల బీరువా చేసే మేలు ఏ వైరూ చేయదు. అడిస్సీ, వైపావో లాంటి గది సవరణ పద్ధతులు రిసీవరులోనే వస్తున్నాయి. గదిని కొలవడానికి రిసీవరుతో పాటు ఇచ్చే చిన్న మైకును పెట్టెలోంచి తీయని ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

కాబట్టి హాలు వైరింగు చేయించుకుంటున్నవాళ్లకు ఒక విన్నపం. బై-యాంపింగ్ కోసమని ఎవరైనా అదనపు వైరు ఎస్టిమేటులో రాస్తే కొట్టేయించండి. సున్నాలు వేయకముందే అదే వైరును అట్మాస్ కోసం పైకప్పులోకి లాగించి, స్పీకర్లు తర్వాత కొన్నా సరే, రెండు చోట్ల కొసలు వదిలి పెట్టించుకోండి.