మూడుసార్లు బాగుచేసినా బాగుపడని కొత్త కారు

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) చీఫ్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

వేగం కోసం, చురుకైన పికప్ కోసం నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టి కొనే టర్బో పెట్రోల్ కార్లలో ఇప్పుడు డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ మామూలైపోయింది. ఏడాది తిరక్కముందే వర్క్‌షాపు పాలయ్యే కొత్త కార్ల గురించి వచ్చే ఫిర్యాదుల్లో తరచుగా వినబడే పేరు కూడా దానిదే. ఇందులో క్లచ్‌లు రెండు. బేసి గేర్లు ఒకదాని కింద, సరి గేర్లు రెండోదాని కింద పనిచేస్తాయి. కారు మూడో గేరులో పోతుండగానే నాలుగోది పడి సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ వదలడం, రెండోది పట్టడం ఒకేసారి జరిగిపోతాయి. ఈ పని చేసేది డ్రైవర్ కాలు కాదు, ఒక కంప్యూటరు.

ఈ క్లచ్‌లు తడివి కావచ్చు, పొడివి కావచ్చు. తడి క్లచ్ నూనెలో మునిగి పనిచేస్తుంది కాబట్టి రాపిడి వేడిని నూనె లాగేస్తుంది. పొడి క్లచ్‌కు గాలే దిక్కు. పొడి రకం తేలిక, చవక, పెట్రోలు కూడా కాస్త తక్కువ తాగుతుంది. అందుకే మధ్యతరగతి ధరలో దొరికే వేగవంతమైన కార్లకు చాలావరకు దాన్నే బిగిస్తారు. ఫోక్స్‌వ్యాగన్ తయారుచేసిన 7 గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీ ఈ కోవలో బాగా పేరుపడినది. అది మోయగల టార్క్ 250 న్యూటన్ మీటర్ల వరకే. ఖాళీ రోడ్డు మీద ఇటువంటి గేర్‌బాక్స్ హాయిగా నడుస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 120 కిలోమీటర్ల పరిమితి దాకా తీసుకెళ్లినా కిక్కురుమనదు. అదే కారు సాయంత్రం వేళ మాదాపూర్ నుంచి జేఎన్‌టీయూ వైపు బయల్దేరితే కథ మారుతుంది. పది అడుగులు కదలడం, ఆగడం, మళ్లీ కదలడం. ఆ నడకలో క్లచ్ పూర్తిగా పట్టదు, పూర్తిగా వదలదు, అరకొరగా జారుతూ ఉంటుంది. వేడి పేరుకుంటుంది. ముందు కారు వణుకుతుంది. తర్వాత గేర్‌బాక్స్ వేడెక్కిందని, బండిని పక్కకు ఆపమని స్క్రీన్ మీద హెచ్చరిక వస్తుంది. కంప్యూటరు క్లచ్‌లను కాపాడుకోవడానికి ఇంజన్‌కూ చక్రాలకూ మధ్య లంకె తెంపేస్తే, వెనక హారన్ల మోత మధ్య కారు నడిరోడ్డు మీద నిలబడిపోతుంది.

మర్నాడు ఉదయం అదే కారు ఏ లోపమూ లేనట్టు స్టార్టవుతుంది. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వర్క్‌షాపులో సర్వీస్ అడ్వైజర్ తీసే జాబ్ కార్డులో ‘కస్టమర్ చెప్పిన సమస్య’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘గేర్ బాక్స్ జర్కింగ్’ అని రెండు ముక్కలు పడతాయి. ఎంత వేడిలో, ఎంత ట్రాఫిక్‌లో, ఎన్ని కిలోమీటర్లు నడిచాక వచ్చిందన్నది రాయడానికి చోటుండదు, రాసే తీరికా ఉండదు. చల్లబడిన బండిని ఉదయం పూట ఖాళీ రోడ్డులో రెండు కిలోమీటర్లు తిప్పి తెస్తారు. సమస్య కనబడలేదని కింద ఇంకో గడిలో రాస్తారు. కంప్యూటరులో నమోదైన ఎర్రర్ కోడ్లను చెరిపేసి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామని చెప్పి తాళం చేతిలో పెడతారు. కోడ్ నమోదైన క్షణంలో ఇంజన్ వేగం ఎంత, వేడి ఎంత అన్న వివరాలు కూడా చాలా కార్లలో దాంతోపాటే నిల్వ ఉంటాయి. చెరిపేయడంతో అవీ పోతాయి. యజమాని దగ్గర మిగిలేది ‘సమస్య లేదు’ అని కంపెనీ ముద్రతో ఉన్న కాగితం ఒక్కటే. రేపు వినియోగదారుల కమిషన్‌లో అతనికి అడ్డం తిరిగేదీ ఆ కాగితమే.

రెండోసారి క్లచ్ ప్యాక్ మారుస్తారు. మూడోసారి గేర్‌బాక్స్‌ను నడిపే మెకట్రానిక్ యూనిట్ మార్చాలంటారు, విడిభాగం రావడానికి వారాలు పడుతుందంటారు. ఈలోగా ఈఎంఐ ఆగదు, బీమా గడువు ఆగదు, వారంటీ గడియారం కూడా ఆగదు. వర్క్‌షాపులో పడి ఉన్న రోజులు వారంటీ కాలంలోనే కరిగిపోతాయి.

వారంటీ పుస్తకంలో కంపెనీ ఇచ్చే మాట నిజానికి చాలా చిన్నది. లోపమున్న భాగాన్ని బాగుచేస్తాం లేదా మారుస్తాం అన్నంతవరకే. కారును మారుస్తామని ఎక్కడా ఉండదు. 2006లో మారుతీ ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు ఈ షరతును ఉన్నదున్నట్టుగా చదివింది. వారంటీ కింద కంపెనీ బాధ్యత భాగం మార్చడం వరకేనని, కారు మొత్తం మార్చమనడానికి ఆ షరతు చాలదని తేల్చింది. ఆ తర్వాత జిల్లా స్థాయి నుంచి ఢిల్లీ దాకా కంపెనీల న్యాయవాదులు ముందుగా చూపించే తీర్పు ఇదే. దాన్ని దాటాలంటే కారులో తయారీ లోపం ఉందని యజమాని రుజువు చేయాలి.

ఆ రుజువు ఎలా చేయాలో 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 38వ సెక్షన్ చెబుతుంది. పరీక్ష లేకుండా లోపం తేల్చలేనప్పుడు వస్తువును తగిన ప్రయోగశాలకు పంపాలి. అందుకయ్యే రుసుమును ఫిర్యాదుదారుణ్నే ముందు కట్టమని కమిషన్ అడగవచ్చు. బిస్కెట్ ప్యాకెట్‌కూ ప్రెషర్ కుక్కర్‌కూ ఈ పద్ధతి సరిపోతుంది. వేడెక్కినప్పుడు మాత్రమే బయటపడి, చల్లారగానే మాయమయ్యే లోపాన్ని, అదీ తయారీదారు దగ్గర మాత్రమే ఉండే సాఫ్ట్‌వేర్‌తో చదవాల్సిన లోపాన్ని, ఏ ప్రయోగశాల ఎలా పట్టుకుంటుంది? పరీక్ష అవసరమైన కేసులు ఎదుటి పక్షానికి నోటీసు అందిన 5 నెలల్లో తేల్చాలని అదే సెక్షన్ అంటుంది. ఆ గడువు మీద ఆశ పెట్టుకున్నవారు తక్కువ. పైగా ఫిర్యాదు వేయడానికి 69వ సెక్షన్ ఇచ్చే గడువు రెండేళ్లు. ‘ఇంకొక్కసారి చూద్దాం సార్’ అన్న సర్వీస్ సెంటర్ మాట నమ్మి తిరిగేవాడికి అందులో ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు.

ఖరీదైన కారు కొన్నవాడికైనా దారి సులువుగా లేదు. హైదరాబాద్‌కు చెందిన ఒక సంస్థ 2009 సెప్టెంబర్ 25న బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కొన్నది. నాలుగు రోజులకే తీవ్రమైన లోపం బయటపడిందని, బాగుచేయించాక నవంబర్ 13న మళ్లీ అటువంటిదే వచ్చిందని ఆరోపించింది. విసిగిపోయి వినియోగదారుల ఫోరానికి కాక పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. మోసం కింద ఎఫ్ఐఆర్ నమోదైంది. 2012 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ఎఫ్ఐఆర్‌ను కొట్టేస్తూనే కొత్త కారు ఇవ్వమని కంపెనీని ఆదేశించింది. కంపెనీ ఇస్తానన్నది, ఫిర్యాదుదారు సంస్థ కారు వద్దు, వడ్డీతో డబ్బు కావాలన్నది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2024 జూలై 10న, అంటే కారు కొన్న దాదాపు 15 ఏళ్లకు, 50 లక్షల రూపాయలు ఇచ్చి ముగించమని కోర్టు చెప్పింది. క్రిమినల్ దారి ఎంచుకోవడం వల్లే ఇంత ఆలస్యమైందని అనేవారు డైమ్లర్ క్రిస్లర్ కేసు చూడాలి. కారు మధ్యభాగం విపరీతంగా వేడెక్కుతోందన్న ఫిర్యాదు మీద జాతీయ కమిషన్ 2007లో తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు తుది మాట చెప్పింది 2024 జూలైలోనే.

రీకాల్ అనే మరో తలుపు ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110-ఏ సెక్షన్ చేర్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఏడేళ్ల లోపు వాహనాల్లో భద్రతకు ముప్పు తెచ్చే లోపాలుంటే ప్రభుత్వం రీకాల్‌కు ఆదేశించవచ్చు, 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అయితే ఇది ఒక మోడల్ మొత్తానికి సంబంధించిన ఏర్పాటు. ఒక్క యజమానికి ఒక్క రూపాయి ఇప్పించదు. అదీకాక గేర్‌బాక్స్ జర్కులను కంపెనీలు సౌకర్యానికి సంబంధించిన విషయంగా చూపించడానికే ఇష్టపడతాయి. ఫ్లైఓవర్ మధ్యలో చక్రాలకు శక్తి ఆగిపోతే అది భద్రత కాక మరేమిటో వివరించే బాధ్యత మాత్రం తీసుకోవు.

ఇదే గేర్‌బాక్స్ చైనాలో తెచ్చిన గొడవ ఈ సందర్భంలో తెలుసుకోదగ్గది. డీఎస్‌జీ కుదుపుల మీద అక్కడ ఏళ్ల తరబడి ఫిర్యాదులు పోగయ్యాయి. 2013 మార్చి 15న, వినియోగదారుల హక్కుల దినం నాడు, ప్రభుత్వ టీవీ సీసీటీవీ తన వార్షిక కార్యక్రమంలో ఆ సంగతి బయటపెట్టింది. రోజుల వ్యవధిలోనే ఫోక్స్‌వ్యాగన్ 3,84,181 కార్ల రీకాల్ ప్రకటించింది. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి కార్లకు ‘మూడు హామీల’ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఇంజన్ గానీ గేర్‌బాక్స్ గానీ రెండుసార్లు మార్చినా బాగుపడకపోతే, రెండేళ్లు లేదా 50 వేల కిలోమీటర్ల లోపు, యజమాని కారు మార్చమనవచ్చు లేదా తిరిగి ఇచ్చేయవచ్చు. నిబంధన ఉన్నంత మాత్రాన పని జరిగిపోతుందని కాదు. 2019లో షియాన్ నగరంలో ఒక మహిళ షోరూమ్ దాటకముందే ఇంజన్ ఆయిల్ కారిన కొత్త బెంజ్ బానెట్ మీదెక్కి కూర్చుంటే గానీ డీలర్ దిగిరాలేదు. మన దేశంలో కొత్త కారును గాడిదలతో లాగించి షోరూమ్ ముందు నిలబెట్టిన యజమానులూ ఉన్నారు. చైనాలో ఆమె వెనక కనీసం ఒక నిబంధన ఉంది.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం 1982లోనే ‘లెమన్ చట్టం’ చేసింది, మిగిలిన రాష్ట్రాలు అనుసరించాయి. కాలిఫోర్నియాలో మొదటి 18 నెలలు లేదా 18 వేల మైళ్ల లోపు ఒకే లోపానికి నాలుగుసార్లు మరమ్మతు ప్రయత్నం జరిగినా, ప్రాణాపాయం తెచ్చే లోపమైతే రెండుసార్లు జరిగినా, లేదా కారు మొత్తం 30 రోజులకు మించి వర్క్‌షాపులో ఉన్నా అది ‘లెమన్’, అంటే పనికిరాని కారు కిందే లెక్క. కాదని రుజువు చేసుకోవాల్సింది కంపెనీ. అక్కడ స్థిరపడిన తెలుగువారిలో ఈ హక్కు వాడుకుని కారు తిరిగి ఇచ్చినవారు ఉంటారు. వాళ్ల తమ్ముడో బావమరిదో విజయవాడలో అటువంటి కారే కొంటే ఆ హక్కు ఉండదు. బ్రిటన్‌లో 2015 చట్టం ప్రకారం మొదటి 30 రోజుల్లో లోపమున్న వస్తువును నేరుగా తిరస్కరించవచ్చు. ఆ తర్వాతైతే ఒక్క మరమ్మతు విఫలమైతే చాలు. సింగపూర్‌లో 2012 నుంచి ఇటువంటి చట్టమే నడుస్తోంది. ఈ దేశాల చట్టాల్లో వివరాలు వేరు, లెక్క ఒకటే. సాంకేతిక నిపుణుడి నివేదిక కంటే మరమ్మతుల సంఖ్య, వర్క్‌షాపు రోజుల సంఖ్య తేల్చడం తేలిక. ఎవరూ బుకాయించలేరు.

కంపెనీల వాదనలో న్యాయం లేకపోలేదు. ఈ తరహా కార్లు కొనేవారిలో కొందరు నెల తిరక్కముందే ఇంజన్ కంప్యూటరును రీమ్యాప్ చేయించి టార్క్ పెంచుకుంటారు. గేర్‌బాక్స్ మోయలేని భారం మోపి, పాడయ్యాక పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించి వారంటీకి వస్తారు. వాన నీటిలో నడిపి ఇంజన్‌లోకి నీరు లాగించినవారూ, రేస్ ట్రాక్ మీద తిప్పినవారూ ఉంటారు. వారి ఖర్చు కంపెనీ భరించాలనడం సబబు కాదు. అయితే కంప్యూటరును ఎప్పుడు, ఎన్నిసార్లు మార్చారన్న ఆనవాలు చాలా కార్లలో దొరుకుతుంది. దాన్ని చదవగలిగేది తయారీదారే. దుర్వినియోగం జరిగిందని చూపించడం కంపెనీకి తేలిక. జరగలేదని చూపించడం యజమానికి దాదాపు అసాధ్యం. రుజువు బాధ్యత ఎవరి మీద ఉండాలన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

డబ్బు లెక్కలో ఒక మెలిక. తెలంగాణలో 2022 మే సవరణ ప్రకారం 20 లక్షలు దాటిన కారుకు 18 శాతం లైఫ్ ట్యాక్స్ పడింది. 25 లక్షల కారుకు అది నాలుగున్నర లక్షలు. కారు ధర వాపసు వచ్చినా ఈ పన్ను, బీమా, లోను వడ్డీ ఎవరు భరించాలన్నది మళ్లీ వేరే వాదన.

లెమన్ చట్టం పార్లమెంటు చేయాల్సిన పని. కానీ అనుచిత వ్యాపార పద్ధతులను అరికట్టడానికి మార్గదర్శకాలు జారీ చేసే అధికారాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 18వ సెక్షన్ సీసీపీఏకే ఇచ్చింది. ఒకే కంపెనీ మీద వచ్చిన ఫిర్యాదులను కలిపి చూడటం సంస్థకు కొత్త కాదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఏడాదిలో 10,644 ఫిర్యాదులు వచ్చాయని 2024 అక్టోబర్‌లో ఓలా ఎలక్ట్రిక్‌కు నోటీసు ఇచ్చింది. తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే వేగవంతమైన కార్ల విషయంలో ఫిర్యాదుల సంఖ్య ఎప్పటికీ అంత పెరగదు. అమ్మిన కార్లలో ఎన్నింటికి ఒకే లోపం వచ్చిందన్న శాతం చూడాలి. ఆ హెల్ప్‌లైన్ 1915 నంబరుకు వచ్చే ఫిర్యాదులను మోడల్ వారీగా, లోపం వారీగా విడదీసి ప్రచురిస్తే ఆ శాతం తెలుస్తుంది. ఒకే లోపానికి మూడు మరమ్మతులు జరిగినా, కారు 30 రోజులు వర్క్‌షాపులో ఉన్నా, తయారీ లోపం కాదని చూపే బాధ్యత కంపెనీదేనని ప్రకటించడం, వర్క్‌షాపు రోజులను వారంటీకి కలపడం తర్వాతి పనులు. వీటికి కంపెనీల నుంచి అభ్యంతరాలు వస్తాయి, చర్చలు సాగుతాయి. ఒక్క పనికి మాత్రం అంత తతంగం అక్కర్లేదు. చెరిపేసే ముందు ఎర్రర్ కోడ్లను, వాటితో నమోదైన వివరాలను ముద్రించి, జాబ్ కార్డుతోపాటు యజమానికి ఇవ్వాలన్న మార్గదర్శకాన్ని సంస్థ ముందుగా జారీ చేయాలని విన్నపం.

ఇట్లు,
ఒక వినియోగదారుడు,
హైదరాబాద్