పాత సైకిలుకు పొట్టేలు కొమ్ములు

అనకాపల్లిలో ఏ వీధికి వెళ్లినా, ఏదో ఒక యింటి మెట్ల కింద లావు టైర్ల కొండ సైకిలొకటి దుమ్ము కొట్టుకుని కనబడుతుంది. అబ్బాయి తొమ్మిదో తరగతిలో పేచీ పెట్టి కొనిపించుకున్నదే. యిప్పుడా అబ్బాయి కాలేజీకొచ్చాడు. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన పందెపు సైకిలు మీద మనసు పడ్డాడు. ధర విన్న తండ్రి, "సైకిలుకా నాయనా, మోటారుకా?" అంటాడు. పాతదాన్ని యినపసామాన్లవాడికి వేసేస్తానని తల్లి పట్టు. ముగ్గురూ కాస్త ఆగితే మూడో దారి ఒకటుంది. ఆ పాతదానికే కొమ్ములు మొలిపించవచ్చు!

నిజానికి కొండ సైకిలు పుట్టిందే పాత సామానుతో. 1970లలో కాలిఫోర్నియాలోని టమల్పాయిస్ కొండ దగ్గర కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లకు గేర్లూ, మంచి బ్రేకులూ తగిలించి మట్టిబాటల్లో దింపారు. ఆ పనికోసమే 1977లో జో బ్రీజ్ ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. 1990లో జాన్ టోమాక్ అనే పందెగాడు కొండ సైకిలుకే వంపు హ్యాండిలు బిగించి పోటీలకు దిగాడు. కాబట్టి మనవాడి కోరిక మరీ వింతేమీ కాదు.

వంపు హ్యాండిలు వుత్త సోకు అనుకోకండి. విశాఖపట్నం 30 పైచిలుకు కిలోమీటర్లు. ఎదురుగాలిలో నిటారుగా కూర్చున్నవాడు గాలితో కుస్తీ పడతాడు; వంగినవాడికి ఆ బాధ తక్కువ. చేతులు పెట్టే చోటు మార్చుకోవచ్చు గనుక మణికట్టుకూ కాస్త విశ్రాంతి.

ముందు ఫ్రేము చూడండి. బెల్లం దిమ్మనయితే విరిచి చూస్తాం; ఫ్రేమును విరవలేం గదా! అతుకుల దగ్గర, ముఖ్యంగా హ్యాండిలు కింది గొట్టం దగ్గరా, పెడళ్ల యిరుసు దగ్గరా గీత గాని, వుబ్బిన రంగు గాని వుందేమో వెతకండి. పగులుంటే ఆశ వదులుకోండి. పైన రంగు వేస్తే పగులు మానదు సుమండీ! స్ప్రింగులున్నదీ వద్దు, తొక్కే బలంలో కొంత అవే మింగేస్తాయి. గట్టి ఫోర్కున్న వుక్కు ఫ్రేము మేలు.

తర్వాత కొలత. వంపు హ్యాండిలు చేతుల్ని యింకా ముందుకు లాగుతుంది. అసలే పొడుగైన కొండ సైకిలు మీద అబ్బాయి బోర్లా పడుకున్నట్టవుతుంది. అందుకని హ్యాండిల్ని ఫోర్కుకు కలిపే మెడముక్క పొట్టిది వెయ్యాలి. గొట్టం లావులోనూ తేడా వుంది: కొండ సైకిలుది 22.2 మిల్లీమీటర్లు, వంపు హ్యాండిలుది 23.8. పాత బ్రేకు పిడులూ, గేరు మీటలూ దాని మీదికి ఎక్కవు.

అసలు మెలిక బ్రేకులో వుంది. చాలా కొండ సైకిళ్లకు రిమ్ముకు రెండు పక్కలా పొడుగ్గా నిలబడే వి-బ్రేకులుంటాయి. వాటికి తీగ ఎక్కువ లాగాలి. మామూలు వంపు హ్యాండిలు పిడి లాగేది అందులో దాదాపు సగమే. వీధిలో రెండు చుట్లు తిరిగితే అంతా బాగానే వున్నట్టుంటుంది. రబ్బరు అరిగాక, హైవే మీద లారీ అడ్డొచ్చిననాడు, పిడి హ్యాండిలుకు ఆనుతుంది గాని చక్రం ఆగదు. అందుకని వి-బ్రేకుల కోసమే చేసిన పిడులు కొనండి. లేదా ఫ్రేము మీది ఆ బొడిపెలకే పాతరకం కాంటిలివరు బ్రేకులు బిగించండి. యీ ఒక్కచోట పిసినారితనం పనికిరాదు.

ముళ్ల టైర్లు తీసి అదే కొలతలో నున్నటివి వేస్తే పని పూర్తయినట్టే. అయితే పని మొదలెట్టకముందే హ్యాండిలు, పిడులు, మెడముక్క, తీగలు, టైర్లు అన్నీ కాగితం మీద రాసి కూడండి. కొత్తదాని ధరలో సగం దాటితే పాతదానికి దణ్ణం పెట్టడమే తెలివి.

డబ్బు లెక్క తండ్రి చూస్తాడు. అందం అబ్బాయే చూసుకుంటాడు. బ్రేకు పరీక్ష మాత్రం తల్లికి వదలండి. వాన వెలిసిన వీధిలో, ఆవిడ "ఆగు!" అన్నచోట చక్రం ఆగితేనే విశాఖ ప్రయాణానికి సెలవు.