నిచ్చెన అనకండి

నిచ్చెనమెట్ల కులవ్యవస్థ అని మనవాళ్ళే మీటింగుల్లో మాట్లాడతారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుద్ది. నిచ్చెన అంటే ఎక్కడానికి వేసుకునేది. ఎక్కినోడు దిగుతాడు, దిగినోడు మళ్ళీ ఎక్కుతాడు. కులంలో ఎవడు ఎక్కాడు, ఎవడు దిగాడు?

మా ఊళ్ళో కామందు ఇంటికి ఏడు మెట్లు. మా అమ్మ వాకిలి ఊడ్చేది, మొదటి మెట్టు అంచుదాకా. మెట్లు కడగడం చాకలామె పని. మేం తాకితే ఆమె మళ్ళీ కడుక్కోవాల. అందుకని "ఎడంగా ఉండండే" అని ఆమే మమ్మల్ని కసిరేది. వంటింటి గడప ఆమెకీ లేదు! అంచెలంచెల అసమానత అని అంబేద్కర్ అన్నది దీన్నే. పుస్తకంలో చదవకముందే అది మా వాకిట్లో చూశా.

నాయన చెప్పులు కుట్టేవాడు. ఆయన కుట్టిన కిర్రుచెప్పులు ఏడు మెట్లూ ఎక్కి అరుగు మీద దర్జాగా ఉండేవి. ఉంగటం తెగితే నాయన కింద మట్టిలో గొంతుక్కూచుని ఎదురుచూసేవాడు. పైనుంచి చెప్పు పడేసేవాళ్ళు. చేతికి ఇవ్వరుగా. తోలుకి లేని మైల దాన్ని కుట్టిన చేతికి ఎట్లా వచ్చింది? ఏ పంతులూ నాకు జవాబు చెప్పలేదు.

ఎక్కడమే కాదు, మనం దిగినా నేరమే. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చేసింది చవదార్ చెరువులోకి దిగి నీళ్ళు తాగడమే. పశువులు తాగే నీళ్ళే. ఆయన వెనక జనం దిగారు. తర్వాత సవర్ణులు ఆవుపేడ, ఆవుమూత్రం కలిపి చెరువుని శుద్ధి చేసుకున్నారు. పేడకన్నా మన దోసిలి మైల.

నాకు ఉద్యోగం వచ్చాక ఆఫీసులో ఒకాయన నవ్వుతా అన్నాడు: "మేం మెట్లెక్కి వచ్చాం, మీరు లిఫ్టులో వచ్చారు." రిజర్వేషన్ లిఫ్టంట! 2019లో 103వ రాజ్యాంగ సవరణతో 10 శాతం వచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీల్లో ఎంత పేదోడికైనా అందులో చోటు లేదు. అది లిఫ్టని ఆయన ఒక్కసారీ అనలేదు.

లిఫ్టు సంగతి మా అక్కనడగండి. హైదరాబాదులో ఒక అపార్టుమెంటులో పాచిపని చేస్తది. ఐదో అంతస్తు. "పనివాళ్ళు లిఫ్టు వాడరాదు" అని గోడమీద బోర్డు. ఆ ఇంటి కుక్క మాత్రం రోజూ లిఫ్టులోనే దిగుద్ది.

రెండు నెలల జీతం బాకీ, అడగడానికి తోడు రమ్మంటే ఒక ఆదివారం పోయాను. వాచ్‌మన్ నా ఇస్త్రీ చొక్కా చూసి "రండి సార్" అని లిఫ్టు తలుపు తీశాడు. వెనక వస్తున్న అక్కకి చెయ్యి అడ్డంపెట్టాడు. "మా అక్కయ్యా" అన్నా. తలుపు పట్టుకు నిలబడ్డా. అక్క అప్పటికే మెట్లవైపు తిరిగింది.

"ఈ పని పోతే నువ్వు పెడతావంట్రా నాకు? పద," అంది.

ఆమె వెనకే ఎక్కాను. మూడో అంతస్తు మలుపులో మోకాలు పట్టుకుని కూలబడింది.