చింతూరు ఏ జిల్లానో ఏడు చోట్ల రాయొద్దు



మాతో రాజమండ్రిలో చదివే చింతూరు అమ్మాయి ఒక ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టింది. మొదటి పేజీలో ఆమె మండలం కొత్త జిల్లాలో ఉంది. మూడో పేజీలో ఇంకా పాత జిల్లాలోనే ఉంది. రెండూ కలవలేదని దరఖాస్తు తిరిగొచ్చింది. మళ్లీ సర్టిఫికెట్లు, మళ్లీ బస్సు చార్జీలు.

చింతూరు సంగతి మనకి కొత్త కాదు. 1959 దాకా తూర్పుగోదావరి, తర్వాత ఖమ్మం. 2014లో పోలవరం ముంపు మండలాలంటూ మళ్లీ తూర్పుగోదావరి. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఊరు మాత్రం శబరి ఒడ్డునే ఉంది.

ఆ ఫారం రాసినోళ్లని హాస్టల్లో కూర్చుని బాగా తిట్టాం. తర్వాత జూనియర్ల కోసం మేమే చేసిన స్కాలర్‌షిప్ వెబ్‌సైటు తెరిచి చూశాం. సిగ్గేసింది. జిల్లా, మండలం లిస్టు ఏడు పేజీల్లో ఏడుసార్లు కాపీ కొట్టి ఉంది. నాలుగింట్లో మార్చాం, మూడు మర్చిపోయాం.

"పని అయితే చాలు, కాపీ కొట్టెయ్" అనేవాళ్లకి మా జవాబు ఇదే. తడిక పాడైతే ఆ తడికే మారుస్తాం, ఇల్లంతా పీకం. కోడ్ కూడా అంతే. లిస్టు ఒకే ఫైల్లో ఉండాలి. దాన్ని చూపించే కాంపోనెంట్ ఒక్కటే ఉండాలి. ఏ పేజీ అయినా దాన్నే పిలవాలి. దరఖాస్తులో మండలం కోడ్ మాత్రం దాచుకుని, జిల్లా పేరు ఆ లిస్టు నుంచి తెచ్చుకోవాలి. రేపు జిల్లా మారితే లిస్టులో ఒక్క చోట దిద్దితే ఏడు పేజీలూ మారతాయి.

"దానికి రియాక్ట్ రావాలి, మంచి ల్యాప్‌టాప్ కావాలి, మనవల్ల కాదు" అనేవాళ్లూ ఉన్నారు. 2013లో బయటికొచ్చిన రియాక్ట్ మంచిదే, ఉద్యోగానికి పనికొస్తుంది, నేర్చుకుందాం. కానీ ఈ చిన్న పని బ్రౌజర్‌కే వచ్చు. జావాస్క్రిప్ట్‌లో ఒక క్లాసు రాసి, మధ్యలో హైఫన్ ఉన్న పేరుతో రిజిస్టర్ చేస్తే మన సొంత ట్యాగ్ తయారు. దాన్నే కస్టమ్ ఎలిమెంట్ అంటారు. నోట్‌ప్యాడ్, బ్రౌజర్ ఉన్న ల్యాబ్ కంప్యూటర్ చాలు.

అలాగని ఒక్క కాంపోనెంట్‌కి ఇరవై ఆప్షన్లు తగిలించి, రాసినోడికి తప్ప ఎవరికీ అర్థం కాకుండా చెయ్యొద్దు. ఒక ముక్క, ఒక పని. అదే కోడ్ మూడోసారి రాయాల్సి వస్తే అప్పుడు విడదియ్యండి. ఏమిస్తే ఏం వస్తుందో పైన రెండు లైన్లు తెలుగులో రాయండి.

టౌన్లో డబ్బులిచ్చి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కొనేవాళ్లకీ ఒక మాట. కొన్న ప్రాజెక్టులో మన ఊరు తప్పుగా ఉంటే దిద్దడం మనకి రాదు. మనం రాసిందైతే ఎక్కడ ముట్టుకోవాలో తెలుస్తుంది.

మనలో ఎక్కువమందిమి ఇంట్లో మొదట కాలేజీ గడప తొక్కినోళ్లం. చెప్పేవాళ్లు లేక ఎంత తిరిగామో మనకే తెలుసు. మన వెనక వచ్చేవాళ్లు కూడా మొదటినుంచీ తిరగాలా? ఈ ఆదివారం మండలం కాంపోనెంట్ గ్రూపులో పెడతాం. తప్పులుంటే తిట్టండి, దిద్దండి, వాడుకోండి. తర్వాత తేదీ పెట్టె, ఫోన్ నంబర్ పెట్టె ఉన్నాయి. ఏది ఎవరు రాస్తారో చెప్పండి.

జై ఆదివాసీ!