ముక్క మీది అచ్చు, ఆటగాడి నోటి మాట

‘మేజిక్: ద గేదరింగ్’ అనే కార్డుల ఆటలో పదజాలం మారిన ప్రతిసారీ పాత ఆటగాళ్ళ నోట ఒకే ఆక్షేపణ వినవస్తుంది: డబ్బిచ్చి కొన్న కార్డు మీది మాటను తరువాత మార్చటం కొన్నవాణ్ణి మోసగించటమేనని. ఈ ఆక్షేపణలోని ఆవేదన నిజమైనదే. తర్కం మాత్రం నిలవదు.

ఆట తెలియని మిత్రుల కోసం రెండు మాటలు. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితశాస్త్రవేత్త రూపొందించిన ఈ ఆటను 1993లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ విడుదల చేసింది. చదరంగంలో గుర్రం మీద దాని నడక రాసి ఉండదు. సూత్రం వేరే చోట ఉంటుంది. ఇక్కడ ప్రతి కార్డూ తన సూత్రాన్ని తన ఒంటి మీదే మోస్తుంది. కాబట్టి కార్డు మీది వాక్యం అలంకారం కాదు, శాసనం. ఒక్క మాట తేడాతో గెలుపు ఓటమి కావచ్చు.

1993 నాటి సెర్రా ఏంజెల్ అనే కార్డును చూడండి. దాడికి వెళ్ళినా ఈ దేవత అలసిపోదు, కార్డును పక్కకు తిప్పనక్కరలేదు. ఈ సంగతిని పదకొండేళ్ళపాటు పూర్తి వాక్యంగానే రాస్తూ వచ్చారు. అదే శక్తి ఉన్న కార్డులు పెరిగాక, 2004లో దానికి ‘విజిలెన్స్’ అని పేరు పెట్టారు. శక్తి ముందు పుట్టింది, పేరు తరువాత వచ్చింది. ఇందులో ఎవరి సొత్తు ఎవరు దోచుకున్నారు?

పేరు తప్పుగా పడితే ఏమవుతుందో మరొక ఉదాహరణ చెబుతుంది. ప్రత్యర్థి ప్రాణిని శ్మశానానికి కూడా పంపకుండా పూర్తిగా తీసివేయటాన్ని తొలినాళ్ళలో ‘ఆట నుండి తొలగించటం’ అన్నారు. అప్పటికి అది నిజమే, తొలగినది ఆ ఆటలో తిరిగి వచ్చేది కాదు. తరువాత అలా తొలగించిన కార్డులను మళ్ళీ ఆటలోకి తెచ్చే కార్డులు వచ్చాయి. 2007లో వచ్చిన ఆబ్లివియన్ రింగ్ ఒక కార్డును ‘ఆట నుండి తొలగిస్తుంది’. ఆ ఉంగరం పోగానే అది తిరిగి వచ్చేస్తుంది! ఆటలో లేనిది ఆటలోకి ఎలా వస్తుందని కొత్తవాడు అడిగితే పాతవాడి వద్ద సమాధానం లేదు. 2009లో ఈ స్థితికి ‘ఎగ్జైల్’ అని పేరు మార్చారు. మన భాషలో చెప్పాలంటే వెలి. చచ్చినవాడు వేరు, వెలివేసినవాడు వేరు. వెలి అయినవాడు ఏదో ఒకనాడు ఊళ్ళోకి రావచ్చు. మాట మారగానే ప్రశ్నే మాయమైంది.

ఆక్షేపకుల చేతిలో ఉన్న బలమైన అస్త్రం కూడా ఇక్కడే ఉంది. దాన్ని దాచటం న్యాయం కాదు. 2002లో ‘విష్’ అనే పేరుతో కొన్ని కార్డులు వచ్చాయి. ఆట వెలుపల ఉన్న కార్డును చేతికి తేవటం వాటి పని. ‘తొలగించిన’ కార్డులు కూడా వెలుపలివే కనుక వాటినీ తెచ్చుకునేవారు. ‘వెలి’ అన్నది ఆటలోపలి చోటు అయ్యేసరికి ఆ దారి మూసుకుపోయింది. అంటే మాట మారితే బలం కూడా మారింది. అంగీకరిస్తాను. కానీ ఆ బలం పుట్టింది దేనివల్ల? సరికాని మాటవల్ల. పొరపాటు మాట ఇచ్చిన లాభాన్ని హక్కుగా అడగటం, తప్పుగా కొలిచిన సరిహద్దు రాయి నా పొలంలోనే ఉండాలని పట్టుబట్టడం వంటిది.

నా ఫిర్యాదు దీనికి పూర్తిగా విరుద్ధమైనది. సంస్థ మార్చినందుకు కాదు, ఆలస్యం చేసినందుకు. 1994లో మిల్‌స్టోన్ అనే కార్డు వచ్చింది. ప్రత్యర్థి కట్ట పైనుంచి రెండు కార్డులను నేరుగా శ్మశానానికి పంపటం దాని పని. ఆటగాళ్ళు ఆ పనికి ‘మిల్’ అని పేరు పెట్టుకున్నారు, తిరగలిలో వేసినట్లు. అందరికీ అర్థమైంది. సూత్రగ్రంథం మాత్రం ఆ పొడుగాటి వాక్యాన్నే రాస్తూ వచ్చి, 2020లో గాని ‘మిల్’ను కార్డు మీదికి ఎక్కించలేదు. ఇరవయ్యారేళ్ళు! జనం నోట నలిగి నిగ్గుతేలిన మాటకు అంతకాలం వాకిట్లో కాపలా ఎందుకు?

దీనికి ఎదురుగా, పైనుంచి దిగిన మాటల గతి చూడండి. ‘బరీ’ అనే మాటను కొన్ని కార్డుల్లో ‘పునరుజ్జీవనానికి వీల్లేకుండా నాశనం చెయ్యి’ అనే అర్థంలోనూ, మరికొన్నింటిలో ‘నీదాన్ని నువ్వే బలి ఇవ్వు’ అనే అర్థంలోనూ వాడారు. రెండు పనులకు ఒక మాట. 1999లో వచ్చిన ఆరవ కూర్పు దాన్ని తీసేసింది. ‘ఇంటరప్ట్’ అనే వర్గం కూడా అప్పుడే ‘ఇన్‌స్టంట్’లో కలిసిపోయింది. పాత కార్డులు ఎలా చదవాలో చెప్పటానికి ‘ఒరాకిల్’ అనే పాఠం ఉంది. పోటీల్లో చెల్లేది అదే. నా చేతిలోని కార్డు మీది అచ్చు అబద్ధమైపోతుందన్న బాధ నాకూ తెలుసు. అయితే పాత నాణెం మీది రాజు బొమ్మ కోసం రాజ్యం ఆగదు.

మరో మాట. కొత్తగా వచ్చిన ప్రాణి ఆ వంతులోనే దాడి చేయలేకపోవటాన్ని ఆటగాళ్ళు ‘సమ్మనింగ్ సిక్‌నెస్’ అంటారు. ఆధికారిక సూత్రం ఆ పేరును వ్యవహారంలోని పేరుగానే పేర్కొని ఊరుకుంటుంది. శాసనం పీట వేయకపోయినా మాట బతికే ఉంది. ఇస్పేటు, ఆటీను, కళావరు అనే మాటలను మన పేకాటలోకి ఏ సంఘం తీర్మానించి తెచ్చింది? పరాయి మాటలు ఆడేవాళ్ళ నోళ్ళలో నలిగి తెలుగైపోయాయి.

తెలుగులో సాంకేతిక పదాలు పుట్టించాలని కలం పట్టినవారికి ఈ ఆట ఒక పాఠం. ముందు పని, తరువాత నోటి మాట, ఆఖరున నిఘంటువు. మనం ‘టపా’ను వాడి వాడి నిలబెట్టుకున్నది కూడా ఈ వరుసలోనే కదా? ఈ వరుస తిరగేసి, వాడేవాడు లేకముందే పదాల పట్టిక అచ్చువేసేవారు నాతో వాదానికి రావచ్చు. రాగానే మొదట అడిగేది ఒక్కటే: మీ పట్టికలోని ఏ మాటను మీరు నిన్న ఇంట్లో వాడారు?