17.75 అడుగులు... అయితే ఏంటట?

గోదావరికి వరదొచ్చిన ప్రతిసారీ టీవీలో ఒకటే పాట. "ధవళేశ్వరం వద్ద మూడో ప్రమాద హెచ్చరిక, లంకవాసులు సురక్షిత ప్రాంతాలకు వెళ్ళాలి." మర్నాడు ఇంకో పాట: "ఎంత చెప్పినా జనం వినలేదు." ఈ రెండో పాటతోనే నా పేచీ అంతా.

అసలేం చెప్పారని వినడానికి? బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇది బ్యారేజీ ఇంజినీరుకి పనికొచ్చే లెక్క. కనకాయలంక రైతుకి కావలసింది వేరు. చాకలిపాలెం వైపు కాజ్‌వే ఎన్నింటికి మునుగుతుంది? నీళ్ళు మా వీధిలోకి ఎప్పుడొస్తాయి? గేదెల్ని ఎక్కడ కట్టుకోవాలి? మనం యూజర్‌కి "ఎర్రర్ 1775" అని చూపించి, "మెసేజ్ ఇచ్చాంగా" అంటే టెస్టర్ ఊరుకుంటాడా?

పోనీ సమాచారం లేదా అంటే, ఉంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. పైన కొలిచిన నీళ్ళు కిందికి రావడానికి గంటలు పడుతుంది. ఆ గంటల్లోనే అడుగుల లెక్కని ఊరి లెక్కలోకి మార్చి చెప్పాలి. 1986 వరద ఎక్కడిదాకా వచ్చిందో లంకల్లో ముసలాళ్ళు ఇప్పటికీ గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. వాళ్ళ కొలబద్ద అదీ!

ఇది మన ఒక్కరి జబ్బే కాదు. కరీబియన్‌లో మాంట్‌సెరాట్ అని చిన్న ద్వీపం ఉంది. 1995లో అక్కడ అగ్నిపర్వతం నిద్రలేచింది. ప్రమాద ప్రాంతం గీత గీశారు, వెళ్ళొద్దన్నారు. అయినా 1997 జూన్ 25న ఆ గీత లోపల 19 మంది చనిపోయారు. పంటలు చూసుకోవడానికి వెళ్ళినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. హెచ్చరిక తెలియక కాదండీ... పొలం, పశువులు గీతకి ఆ పక్కన ఉంటే, మనిషి ఈ పక్కన ఎన్నాళ్ళు కూర్చుంటాడు? లంకలో కూడా అంతే. పాడిగేదెకి చోటు చూపించకుండా మనిషిని పడవెక్కమంటే ఎక్కడు.

"అందరి దగ్గరా ఫోన్లున్నాయి, ఎస్సెమ్మెస్ పంపితే సరి" అనే మేధావులు మన ఫీల్డులోనే ఎక్కువ. కరెంటు పోయాక చార్జింగ్ ఎవరు పెడతారు? "పంపాం"కీ "అందింది"కీ, "అందింది"కీ "కదిలారు"కీ ఎంత దూరమో ప్రొడక్షన్ సపోర్ట్ చేసినవాణ్ణి అడగండి.

నేనడిగేది పెద్ద ప్రాజెక్టేం కాదు. ప్రతి లంకలో బడి గోడ మీద రెండు గీతలు: 1986 ఇక్కడ, 2022 ఇక్కడ. పక్కనే, ధవళేశ్వరంలో ఇన్ని అడుగులైతే మీ రేవు మునుగుతుందని, మీ గేదెలకి ఫలానా గట్టు అని తెలుగులో రాయాలి. డబ్బా పెయింటు ఖర్చు! అది రాశాక కూడా జనం కదలకపోతే, అప్పుడు తిట్టండి వాళ్ళని.