బిళ్ళలు అయిపోయిన మర్నాడు

ఏటా చలి మొదలయ్యేసరికి విదేశాల్లో ఉన్న మన సంఘం సభ్యుల నుంచి ఒకే రకం ఉత్తరాలు వస్తాయి. సంక్రాంతికి ఊరెళ్తున్నాం, కొల్లూరులో ఒక మెడికల్ క్యాంపు పెడదాం, మందుల ఖర్చు మాది అని. ఆ మాటలోని ప్రేమను తక్కువ చేయను. తమకు షుగరుందని అలాంటి క్యాంపుల్లోనే మొదటిసారి తెలుసుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కానీ బడి వరండాలో బల్లలు వేసి, వేలికి సూది గుచ్చి, చీటీ రాసి, నెలకు సరిపడా బిళ్ళలు చేతిలో పెట్టి మనం విమానం ఎక్కేస్తాం. ఆ బిళ్ళలు అయిపోయిన మర్నాడు ఆ మనిషి సంగతేమిటి?

కొన్ని జబ్బుల మీద సాయానికి ఒక ముగింపు దొరుకుతుంది. 1985లో రోటరీ సంస్థ పోలియో మీద చందాలు పోగుచేయడం మొదలుపెట్టింది. ప్రభుత్వాలు కలిసొచ్చాయి, చుక్కల మందు గడపగడపకూ వెళ్ళింది, 2014 మార్చిలో మన దేశంలో పోలియో లేదని ధ్రువపత్రం వచ్చింది. బీపీ, షుగరు అలా కావు. బతికినన్నాళ్ళూ రోజూ వేసుకోవాలి. జబ్బేమో రోజువారీది, మన దానమేమో ఏడాదికొక్కసారి.

అమెరికా డబ్బుతో వైద్యం మన ప్రాంతానికి కొత్త కాదు. అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. ఆమె పేరున జనం చెప్పుకునే లూథరన్ ఆసుపత్రి తెరిచింది 1898లో. మధ్యలో పదిహేనేళ్ళు ఇళ్ళకు వెళ్ళి చూసింది, మందులిచ్చింది, కాన్పులు చేసింది. ముందు మనిషి వచ్చింది, తర్వాత భవనం లేచింది. ఆమెను పోషించిన చందాల్లో చాలావరకు అమెరికాలోని చర్చి మహిళా సంఘాలవి. 1930లో కన్నుమూసేదాకా ఆమె గుంటూరు మనిషే. మనం ఈ వరుసను తలకిందులు చేశాం. గది కట్టిస్తాం, యంత్రం కొనిస్తాం, రిబ్బను కత్తిరిస్తాం. ఆ యంత్రం ముందు కూర్చునే మనిషి జీతం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి పోతుంది. జీతానికిచ్చిన డబ్బు కంటికి కనిపించదు, అదీ బాధ.

దీనికి మంచి జవాబు మన మధ్యే పుట్టింది. సినిమా నిర్మాత ఎల్.వి. ప్రసాద్ హైదరాబాదులో ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో పనిచేసి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో అక్కడ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. ఆ పెద్ద ఆసుపత్రి కన్నా నాకు గొప్పగా తోచేది వాళ్ళు పల్లెల్లో తెరిచిన విజన్ సెంటర్లు. యాభై వేల మంది జనానికి ఒకటి, అంటే దాదాపు ఒక మండలానికి. ఆ చుట్టుపక్కల ఊరి పిల్లకో పిల్లాడికో ఇంటర్ అయ్యాక ఏడాది శిక్షణ ఇచ్చి అక్కడ కూర్చోబెడతారు. చత్వారానికి కళ్ళజోడు అక్కడే. శుక్లమైతే పై ఆసుపత్రికి. ఆపరేషనయ్యాక మళ్ళీ చూపించుకునేది ఆ తెలిసిన మొహానికే. డబ్బు కట్టలేనివాళ్ళకు ఉచితం. దాత ఇచ్చిన రూపాయి అక్కడ ఏడాది పొడుగునా పనిచేస్తుంది.

దాత ఎలా తప్పుకుంటాడన్నదీ అంతే ముఖ్యం. హెచ్‌ఐవీ మన రాష్ట్రాన్ని వణికిస్తున్న రోజుల్లో, 2003లో, గేట్స్ ఫౌండేషన్ ‘ఆవాహన్’ పేరుతో ఆరు రాష్ట్రాల్లో పని మొదలుపెట్టింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తర్వాత ఖర్చులను సర్కారు లెక్కలకు సరిపోయేలా సర్దుకుంటూ, విడతలవారీగా ఆ పనిని ప్రభుత్వానికి అప్పగించింది. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని ఉన్నపళాన ఆపేసినప్పుడు అలా సర్దుకునే వ్యవధి ఎవరికీ దొరకలేదు. ఆఫ్రికాలో హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రాలెన్నో మూతపడ్డాయి. రోజూ వేసుకోవాల్సిన మందు ఆగిపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అలా మందు ఆగిపోయే ప్రమాదం కృష్ణ వరదల్లో మన లంకలకూ ఉంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వదిలినప్పుడు అరటి, పసుపు, కంద తోటలతో పాటు లంక ఊళ్ళు మునిగాయి. వరదలో అన్నం పొట్లాలు, మంచినీళ్ళు పంపడం అందరికీ తడుతుంది. ఇన్సులిన్ మీద ఉన్నదెవరు, ఫిట్స్ మందు ఆగితే ప్రమాదమున్నదెవరు అన్న జాబితా ముందే చేతిలో ఉంటేనే ఆ మందులూ పడవెక్కుతాయి.

అందుకే మా ప్రతిపాదన ఇది. ఈ ఏడాది క్యాంపు డబ్బుతో ఒక నర్సునూ ఒక సహాయకురాలినీ పెట్టుకుందాం. పెసర్లంక, పోతార్లంక లాంటి ఊళ్ళకు వారం వారం వెళ్ళి బీపీ, షుగరు చూసి పుస్తకంలో రాస్తారు, వరద జాబితా సిద్ధం చేస్తారు. మందులు మనం కొననక్కర్లేదు, బీపీ, షుగరు బిళ్ళలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే. ఆశా కార్యకర్తలతో, ఏఎన్‌ఎంలతో కలిసి నడవాలి తప్ప వాళ్ళకు పోటీగా కాదు. ఐదేళ్ళకు మాట ఇవ్వాలి. నాలుగో ఏడు నుంచే అప్పగింత మాటలు మొదలవ్వాలి.

ఒక చిక్కుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చేది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ఖాతా ద్వారానే అది చేరాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదు. కాబట్టి పని తానే చేసే సంస్థను వెతకడం మొదటి మెట్టు. తెనాలి, రేపల్లె వైపు నర్సులుగా చేసి రిటైరైనవారు మీ బంధువుల్లో ఉంటే వారి సలహా అడిగి మాకు చెప్పండి. ఎవరు ఎన్ని నెలల జీతం మోయగలరో కూడా రాయండి.